మద్దిలేటి ఉస్తాద్ పందెం

మొన్న గద్వాలలో మా మనుమడి లారీ షెడ్డు ముందు కూర్చుని చాయ్ తాగుతుంటే, లోపల ఎవరో ఇనుమును సుత్తెతో తట్టారు. ఠంగుమని మోగి, ఆ మోత సన్నగా చాలాసేపు సాగింది. నా చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఇంజినులో తిరిగే ఇరుసును, అదే క్రాంకు షాఫ్టును, తాడుకు వేలాడదీసి కొడితేనే అట్లా మోగుతుంది. పగులు ఉంటే మొద్దుగా చప్పుడవుతుంది, లేకుంటే గుడిగంటలా పలుకుతుంది. ఆ సంగతి నాకు చెప్పినవాడు మద్దిలేటి ఉస్తాద్. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. ఇప్పటి పిల్లలకు పేరు కూడా తెలియదు, అందుకే రాస్తున్నాను.

ఆయనది ఇటిక్యాల. నాగలి పట్టే ఇంట్లో పుట్టి, మోటార్ల మోజులో హైదరాబాదు పోయి పని నేర్చుకుని, వనపర్తిలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. అణకువకూ ఆయనకూ ఆమడ దూరం. "మద్దిలేటి చెయ్యి పడితె సచ్చిన ఇంజినుగూడ లేచి కూసుంటది" అని ఆయనే చాటుకునేవాడు. అది నిజం కావడమే తోటి మిస్త్రీలకు కడుపుమంట. ఇక మీసం సంగతి చెప్పాలి. చెంపల దాకా మెలితిరిగి, ఆముదంతో నిగనిగలాడుతూ ఉండేది. చేతులకు ఎంత మడ్డి ఉన్నా దానికి అంటనిచ్చేవాడు కాదు, మణికట్టు వెనకవైపుతో దువ్వుకునేవాడు. నేనొకసారి మా బస్సుకు రెండో హారను పెట్టించుకుందామని పోయాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "బండి అడుగుతున్నదా, నువ్వడుగుతున్నవా?" అన్నాడు. ఎవరు ఏం కావాలని వచ్చినా ముందు అదే ప్రశ్న. నేను గొణుక్కుంటూ తిరిగి వచ్చాను.

మా అన్నా నేనూ పెద్దమందడి దగ్గర ఉన్న చెలక అమ్మి ఆ బస్సు కొన్నాం. వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు దాకా నడిపేవాళ్లం, స్టీరింగు నాది. రెండో ప్రపంచయుద్ధం వచ్చి పెట్రోలు కరువైంది. బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని, దాంట్లో పుట్టే గ్యాసుతో ఇంజిను నడపాల్సి వచ్చింది. బండిలో సగం సత్తువ పోయింది. గోపాల్‌పేట అవతల ఎత్తు వచ్చిందంటే మగవాళ్లంతా దిగి నెట్టాలి. అదే దారిలో ఇంకొకరి కొత్త బస్సు నడిచేది, అదీ బొగ్గు గ్యాసుదే గానీ ఇంజిను పెద్దది. మేము నెడుతుంటే అది పక్కనుంచి బుర్రున పోయేది, అందులోవాళ్లు మాకు చేతులూపేవాళ్లు. రోజురోజుకూ మా బండెక్కే మంది అటు పోతున్నారు. బస్సు ఆగిపోతే తిరిగి పోయి దున్నుకుందామన్నా మాకు భూమి లేదు. అన్న అన్నం సగంలోనే లేచిపోయేవాడు.

ఒకరోజు చాయ్ హోటల్లో ఆ బస్సు డ్రైవరు అందరి ముందూ నన్ను పట్టుకున్నాడు. "మీది బస్సా, పాడెనా? నలుగురు పట్టుకుంటెగని కదలదు!" హోటలంతా ఘొల్లుమంది. నేను తల దించుకున్నాను. మూలన కూర్చున్న ఉస్తాద్ లేచాడు.

"నెల లోపట గీ బండి నీ బండిని ఎత్తు మీద దాటకపోతె, గీ మీసం తీపిచ్చుకుంట!"

మా వైపు మగవాడు మీసం మీద ఒట్టేస్తే అది ఉత్తమాట కాదు. ఆ మర్నాడే ఇంజిను విప్పాడు. క్రాంకు షాఫ్టును దూలానికి వేలాడదీసి తట్టాడు. అది మోగిన తీరుకు ఆయన ముఖం వెలిగిపోయింది. "వచ్చి చూడు తమ్మీ" అని పిలిచి, పిస్టన్లను ఆడించే రాడ్లు ఆ షాఫ్టును ఎక్కడ పట్టుకుంటాయో చూపించాడు. ఆ చోట్లను మెడలంటారు. వాటిని ఒక పక్కకు కోస్తే పిస్టను ఇంకాస్త దిగి, ఇంకాస్త లేస్తుంది, బండి బలం పెరుగుతుంది. అట్లా కోయడానికి హైదరాబాదులో పెద్ద లేత్ మిషను ఉంది. షాఫ్టును రైలు స్టేషనుకు తీసుకుపోవడానికి ఎడ్లబండి కూడా వచ్చి నిలబడింది. ఉస్తాద్ పెండ్లికొడుకులా హుషారుగా మెడల మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. నేనూ సంతోషం పట్టలేకపోయాను. ఆ ఊపులో, ఉత్త పరాచికానికి అన్నాను.

"ఉస్తాద్, గిది బండి అడుగుతున్నదా, నువ్వడుగుతున్నవా?"

సుద్దముక్క నేలకేసి కొట్టాడు. "నాకే నేర్పుతవా!" అని బయటికి పోయాడు. నోటి దురదకు నన్ను నేను తిట్టుకుంటూ నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చి, షాఫ్టు మెడను బొటనవేలితో తడిమాడు.

"బండి అడుగుతలేదు తమ్మీ. మీసం అడుగుతున్నది."

"చెయ్యొస్తదంటివి గద?" అన్నాను.

"చెయ్యొస్తది. నా అంతటోడు చెయ్యాలె. కని మెడ సన్నగైతది. మందితోని ఎత్తెక్కేటప్పుడు ఇరిగితె? లడాయిల ఇంకో షాఫ్టు యాడికెల్లి తెస్తవ్? చెలక గూడ లేకపాయె నీకు."

బతిమాలాను, కోపం చేశాను. వినలేదు. షాఫ్టును ఉన్నదున్నట్టు ఎక్కించాడు. ఇంజిను మీది మూత, హెడ్డును కొంచెం అరగదీయించాడు, గ్యాసు కారే సందులన్నీ మూసేశాడు, టాపు మీది బరువైన ఇనుప కటకటాలు పీకి పారేశాడు. "బొగ్గు గ్యాసుకు గింతె. ఆ బండిని దాటదు, కని నెట్టే పని తప్పుతది" అన్నాడు.

మర్నాడు పొద్దున చాయ్ హోటలుకు ఎవరో నున్నటి మూతి మనిషి వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు. గొంతు వినేదాకా గుర్తుపట్టలేదు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. ఆ డ్రైవరైతే పొట్ట పట్టుకుని, "ఏంది ఉస్తాద్, పందెం కాకముందే?" అన్నాడు.

"ఓడిపోయిన. మీసం మళ్ల మొలుస్తది. షాఫ్టు మొలుస్తదా?" అని చాయ్ తెమ్మన్నాడు. తాగుతూ తాగుతూ మణికట్టు వెనకవైపు అలవాటుగా పైపెదవి దాకా పోయి, అక్కడ ఏమీ లేక ఆగిపోయింది. ఆ మనిషిని అప్పటిదాకా మెచ్చుకునేవాణ్ణి, ఆ రోజునుంచి గౌరవించాను.

మా బస్సు ఆ బస్సును ఎన్నడూ దాటలేదు. దానికంటే ముందు బయలుదేరడం మొదలుపెట్టాం, అంతే. పొద్దున పోవలసిన రైతులు, దవాఖానకు పోయేవాళ్లు మళ్లీ మా బండే ఎక్కారు. యుద్ధం అయిపోయేదాకా అదే షాఫ్టు మా రెండిళ్లకు అన్నం పెట్టింది. కోయించి ఉంటే విరిగేదా అంటే ఏమో, విరగకపోనూవచ్చు. ఉస్తాద్‌కూ అది తెలుసు. అయినా మా కూడును పందెంలో పెట్టలేదు, తన మీసాన్ని పెట్టాడు. అది మళ్లీ మొలిచింది గానీ మునుపటంత ఒత్తుగా రాలేదు.

షెడ్డులోంచి మా మనుమడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "తాతా, షాఫ్టు మంచిగ మోగుతున్నది. మెడలు కోయిస్తె బండి మస్తు గుంజుతదంట. ఏమంటవ్?"

"బండి అడుగుతున్నదా, నువ్వడుగుతున్నవా?" అన్నాను. వాడు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగి, ఆలోచనలో పడ్డాడు. నా చేయి నాకు తెలియకుండానే లేచింది, మణికట్టు వెనకవైపుతో మీసం దువ్వుకుంది.