బతికున్నవాళ్ల పాటలు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్ బజార్లో తెలిసింది. గ్యాస్ స్టవ్ బాగుచేయించడానికి ఒక దుకాణం ముందు నిలబడి ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి, "అక్క ఎలిపోయిందే. టీ తాగి కప్పు కింద పెట్టింది, అంతే" అంది. స్టవ్ విప్పుతున్న భయ్యా నా మొహం చూసి, చేతిలో పని ఆపి, తను కూర్చున్న స్టూలు నా వైపు జరిపాడు.

ఇంటికి చేరేలోపే మరో ఫోన్ వచ్చింది. అబర్డీన్ బజార్‌లో చీరల కొట్లో పనిచేసే అమ్మాయి. మా క్వయర్‌లో ఆల్టో పాడుతుంది, అంటే ఆడవాళ్లలో కింది గొంతు. ఏడుస్తూనే అడిగింది. "దీదీ, అబ్ ప్రోగ్రాం ఏటవుద్ది? కాన్సిలేనా?"

వానలు తగ్గాక పాడాలనుకున్న కొత్త పాట చివరి భాగం మాకింకా పట్టుబడలేదు. నేర్పే పెద్దమ్మే వెళ్లిపోయింది. ఆ పాట ఉంటుందా, అసలు మా క్వయరే ఉంటుందా అన్నది ఆ పూట నాకు నిజంగా తెలియదు.

బయటివాళ్లకు పెద్దమ్మ ఏం పని చేస్తుందో చెప్పడం మా ఇంట్లో ఎప్పుడూ తంటాయే. ఆవిడ కచేరీలో పాడదు, ఏదీ వాయించదు. పాడేవాళ్ల ఎదురుగా నిలబడి చేతులతో నడిపిస్తుంది. ఎవరు ఎప్పుడు అందుకోవాలి, ఎంత గొంతు పెట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నీ ఆ చేతుల్లోనే ఉంటాయి. మద్రాసులో ఒక హాల్లో తీసిన ఫోటో ఇంటికి పంపితే అమ్మమ్మ సంతోషించలేదు సరికదా, "అంతమంది పెద్దోలు కూకుంటే ఈపు తిప్పేసి నిలబడిందేటే ఇది? ఇదేటి మర్యాద?" అని చాలా రోజులు బాధపడిందట.

తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి హార్బరు పనికి పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. పెద్దమ్మ ఇక్కడే పుట్టింది. తెలుగు చర్చిలో హార్మోనియం పక్కన నిలబడి పాట నేర్చుకుంది. చదువుకని ఓడెక్కి మద్రాసు వెళ్లి, అక్కడొక క్వయర్‌లో చేరింది. పక్కవాళ్లు తప్పు పాడితే ఊరుకోలేని గుణం ఆవిడది. పక్కవాళ్లకు చెప్పడంతో మొదలై, ఆల్టోలకు సాధన చేయించడం, ఆ తర్వాత మొత్తం క్వయర్‌నే నడిపించడం దాకా వెళ్లింది. చీర కట్టుకున్న ఆడమనిషి చేతులూపితే మగవాళ్లు పాడతారా అన్నవాళ్లూ ఉన్నారు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని చేతులెత్తింది. పాడారు.

పేరొచ్చింది. కలకత్తా, బెంగళూరు పిలిచాయి. అయితే అందరూ అడిగే పాత గొప్పవాళ్ల సంగీతం కంటే, ఇప్పుడు రాస్తున్నవాళ్ల సంగీతం మీదే ఆవిడకు మనసు. ఎవరో ఒక కుర్రాడు కలకత్తాలో కూర్చుని, ఇంతవరకు ఎవరూ పాడనిది ఏదో రాస్తాడు. అందులో రాగం చేతికి దొరకదు. గుసగుసలుంటాయి, ఊపిరి చప్పుళ్లుంటాయి, ఒకళ్లకొకళ్లు ఒరుసుకునే స్వరాలుంటాయి. దాన్ని మొదటిసారి పాడించడం ఆవిడకు పండగ. ఎందుకంత కష్టమని అడిగితే ఒకటే మాట. "చచ్చిపోయినోళ్ల పాటలకి చేతులూపడానికి చాలామంది ఉన్నారమ్మా. బతికున్నోళ్లకి ఎవరున్నారు?"

అలాంటి మనిషి, పేరు బాగా వెలుగుతున్న రోజుల్లో అన్నీ సర్దుకుని డైరీ ఫార్మ్ పేటలో అమ్మ ఉంటున్న మా పాత ఇంటికి వచ్చేసింది. ఏదో గొడవ జరిగి ఉంటుందని బంధువులు చెవులు కొరుక్కున్నారు. నేనైతే నేరుగానే అడిగాను. "ఇన్నేళ్లూ నా సంగీతం విన్నవాళ్లలో మా వీధివాళ్లు ఒక్కరూ లేరే. అది నాకు బాగాలేదు" అంది. ఆవిడ కోరిక అంతే. ఈ కొత్త సంగీతాన్ని మన ద్వీపంలో, మనవాళ్లు పాడాలి, మనవాళ్లు చివరిదాకా కూర్చుని వినాలి.

ఆ చివరిదాకా అన్నచోటే చిక్కొచ్చింది.

మా చర్చిలో ఒక అలవాటుంది. పాట ఆగి, ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చిందంటే వెనక నుంచి ఎవరో ఒకరు "ఆమెన్" అనాలి. అనకపోతే పాడినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. పెద్దమ్మ అక్కడే మాతో క్వయర్ కట్టి ఎంచుకున్న మొదటి పాటలో, సరిగ్గా సగంలో, రాసినతను పెద్ద నిశ్శబ్దం పెట్టాడు. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పెద్దమ్మ చేతులు గాల్లో ఉన్నాయి. వెనక బెంచీలో ఒక తాతగారు, హార్బరులో పనిచేసి రిటైరైన మనిషి, నిండు మనసుతో "ఆమెన్!" అన్నారు. వెంటనే చర్చి అంతా అంది. పాస్టరుగారు లేచి ఆశీర్వాదం ఇవ్వడానికి చేతులెత్తారు. అటు తిరిగి పెద్దమ్మ చేతులు, ఇటు తిరిగి పాస్టరుగారి చేతులు. మాకు నవ్వు ఆగలేదు. ఆశీర్వాదం అయ్యాక జనం ఒకరికొకరు వందనాలు చెప్పుకుని, చెప్పులేసుకుని, బస్సు అందుకోవడానికి వెళ్లిపోయారు.

పెద్దమ్మ మాత్రం చేతులు దించలేదు. ఆఖరి మనిషి గుమ్మం దాటాక, మా వైపు చూసి, మిగతా సగం అందించింది. ఖాళీ బెంచీలకు, ముందు వరసలో ఇబ్బందిగా కూర్చుండిపోయిన మా అమ్మకు ఆ సగం పాడి వినిపించాం.

ఆ సాయంత్రం ఇంట్లో ఏడుస్తుందనుకున్నాం. ఉల్లిపాయలు తరుగుతూ, "తాతగారిది తప్పు కాదే. మనకి ఊరుకోవడమంటే అయిపోవడమే కదా. ఎవరు నేర్పారు వాళ్లకి? నేర్పాల్సింది నేనే" అంది. కళ్లు తుడుచుకుంది కానీ అది ఉల్లిపాయలకేనో కాదో నేను అడగలేదు.

తర్వాతి శనివారం నుంచి సాధన మా ముందు గదిలో, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి చేయించింది. వీధివాళ్లు మొదట్లో విసుక్కున్నారు. "ఏటా అరుపులు?" అన్న పక్కింటావిడే కొన్నాళ్లకు బట్టలు ఆరేస్తూ పై గొంతు పాడే మా సొప్రానోల స్వరం తీస్తోంది, అదీ సరైన చోట ఆగుతూ. పెద్దమ్మ కిటికీలోంచి చూసి ఎంత మురిసిపోయిందో నేను మాటల్లో చెప్పలేను. ఆ రోజు మాకందరికీ బజ్జీలు వేయించింది.

మళ్లీ అదే పాట పాడినప్పుడు, ముందుగా జనం వైపు తిరిగి రెండు ముక్కలు చెప్పింది. "మధ్యలో ఊరుకుంటాం. అయిపోయిందనుకోకండి. అప్పుడు బయట ఏం వినపడతాదో వినండి, అది కూడా పాటలో భాగమే." నిశ్శబ్దం వచ్చింది. రేకుల మీద సన్నగా వాన పడుతోంది. హార్బరు వైపు ఓడ ఒకటి కూత వేసింది. ఎవరో పిల్లను జోకొడుతున్నారు. ఆ పిల్ల వీపు మీద పడే చేతి చప్పుడు కూడా మాకు వినిపించింది. పెద్దమ్మ చెయ్యి కదిలింది, మేం అందుకున్నాం. ఒక్కరూ లేవలేదు. అయిపోయాక వెనక బెంచీ తాతగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, "అమ్మాయ్, ఆమెన్ గొంతు దాకా వచ్చింది. మింగేసినాను" అన్నారు. పెద్దమ్మ ఆయన చేతులు రెండూ పట్టుకుని నవ్వింది. మద్రాసు హాళ్లలో చప్పట్ల మధ్య తీసిన ఫోటోలు ఇంట్లో చాలానే ఉన్నాయి. ఆ నవ్వు వాటిలో వేటిలోనూ లేదు.

అక్కడి నుంచి క్వయర్ పెరిగింది. చర్చివాళ్లే అని గిరి గీసుకోలేదు. ఆసుపత్రి నర్సు, జెట్టీలో పనిచేసే ఇద్దరు అన్నదమ్ములు, కరెంటాఫీసు గుమస్తా, బెంగాలీ మాస్టారు. సగంమందికి తెలుగు రాదు. మా తెలుగు పిల్లలకేమో మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పాట మాటలను హిందీ అక్షరాల్లో రాసుకుని వచ్చేవాళ్లు. ఒకరిద్దరు పెద్దలు అది చూసి నొచ్చుకుంటే పెద్దమ్మ, "ఏ అక్షరాల్లో చూసుకుంటే ఏటండీ, నోట్లోంచి తెలుగే కదా వస్తున్నాది?" అని మందలించింది. ఎవరైనా తప్పు పాడితే పేరు పెట్టి పిలిచేది కాదు. కళ్లు మూసుకుని, "ఫిర్ సే, మళ్లీ" అనేది. ఎవరి తప్పో వాళ్లకు తెలిసేది.

నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. నా గొంతు బొంగురని చిన్నప్పటి నుంచీ వెనక వరసలో నక్కేదాన్ని. నన్ను ముందుకు లాగింది ఆవిడే. "బొంగురు కాదే, కింద నేల ఉండొద్దా ఇంటికి?" అని ఆల్టోల మధ్యలో నిలబెట్టింది. ఆ మాట నాకు పాటకు మించి ఎన్నో చోట్ల పనికొచ్చింది. ఆవిడ రుణం నేను తీర్చుకోలేను.

పోయిన ఏడాది గుండె బలహీనపడిందని డాక్టరు చేతులు పైకెత్తే పని చేయొద్దన్నాడు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని చూపుడు వేలితో నడిపించింది. ఆ వేలు కూడా అలసిపోయినప్పుడు నన్ను నిలబడమంది. నా వల్ల కాదన్నాను. నా చెయ్యి ఎవరు చూస్తారన్నాను.

"వాళ్లు నిన్ను చూస్తన్నారా అని కాదు. నువ్వు వాళ్లని చూస్తన్నావా? పాడకముందు అందరి ఊపిరీ నీకు వినపడాలి. అది వినపడితే చెయ్యి దానంతటదే లేస్తాది."

ఆ రోజే, అందరూ వెళ్లాక, ఎప్పుడూ అననిది ఒకటి అంది. "నాకు చావంటే భయం లేదే. నేను పోయిన మర్నాడే మీరందరూ మళ్లీ మీకొచ్చిన పాత పాటలే పాడుకుంటారేమోనని భయం." నేను ఏదో సర్ది చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపి, టీ పెట్టమంది.

సమాధి దగ్గర మేం పాడింది వచ్చిన పాటే. తాతల నాటి కీర్తన, కళ్లు మూసుకున్నా తప్పుపోదు. చక్కగా కుదిరింది. పెద్దలు నా తల నిమిరి, "పెద్దమ్మ లేకపోతేనేం, మన పాటలు మనకున్నాయి" అని ఓదార్చారు. మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆవిడ భయపడింది సరిగ్గా దీనికే.

శనివారం వచ్చింది. సాధన ఉందని నేను ఎవరికీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. చెప్పే ధైర్యం చాలలేదు. అమ్మ ఒక్కతే ఉంటుంది, కాసేపు కూర్చుని వద్దామని వానలోనే ఆటో ఎక్కి డైరీ ఫార్మ్ వెళ్లాను.

దిగేసరికి వరండా నిండా చెప్పులు. నర్సు తెల్ల బూట్లు, జెట్టీ అన్నదమ్ముల గంబూట్లు, చీరల కొట్టు అమ్మాయి ఎత్తు మడమల చెప్పులు. మెట్ల మీద కూడా, ఒకదాని మీద ఒకటి, తడుస్తూ. నేను ఎన్నడూ చూడనివి కూడా కొన్ని ఉన్నాయి. లోపల పాడుతున్నారు. ముందు నిలబడి నడిపించేవాళ్లు లేక తలా ఒక దారిన పోతున్నారు. ఆల్టోలు ఆలస్యంగా అందుకున్నారు, మగవాళ్లు ముందే పరుగెత్తారు, ఎవరికీ ఊపిరి కలవలేదు. ఆగారు, మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ తప్పారు. అది కొత్త పాట, మాకు రాని ఆ చివరి భాగం.

వచ్చిన పాటయితే వాళ్లు అన్ని తప్పులు పాడేవాళ్లు కాదు. వానలో నిలబడి ఏడ్చాను, నవ్వాను కూడా. చెప్పులు విడవడానికి చోటు కనబడలేదు. చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లాను.