మెత్తళ్లు వద్దన్న దొంగ

పెళ్లయి భావనపాడు వచ్చిన కొత్తలో జరిగింది. మా అత్తగారు ఇసుక మీద ఎండబెట్టిన మెత్తళ్లు, అదే ఆ సన్నటి చిన్న చేపలు, రోజూ కొన్ని మాయమయ్యేవి. నింద మా కుక్క రాణి మీద పడింది.

"దాని పొట్ట సూడవే! నా మెత్తళ్లన్నీ అందులోనే ఉన్నాయి. రేపు ఆటోలో పలాస పంపించేత్తాను, అక్కడే తిరుగుద్ది" అని తేల్చేశారు అత్తగారు.

నాకు ఒళ్లు మండింది. రాణి కొన్నాళ్లుగా అన్నమే సరిగా ముట్టడం లేదు. దాని చన్నులు కూడా ఎర్రబడి ఉబ్బాయి. దొంగ ఇది కాదని చూపిస్తానంటూ, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లందరి ముందూ గుప్పెడు మెత్తళ్లు తీసి దాని మూతి దగ్గర పెట్టాను. తినేస్తే నా పరువు పోయినట్టే. రాణి వాసన చూసి మొహం తిప్పుకుని, నా కాళ్ల మీదే వాంతి చేసుకుంది!

నలుగుర్ని కన్న మా అత్తగారే ముందు కేకేశారు. "ఓలమ్మో, ఇది నీళ్లోసుకుందే!"

అందరం దాని చుట్టూ మూగేసరికి అటు కాకులు దిగి మెత్తళ్లు ఎత్తుకుపోసాగాయి. అసలు దొంగలూ దొరికిపోయారు.

టెక్కలిలో పశువుల డాక్టరుగారు స్కానింగ్ తీసి కడుపేనన్నారు. ఈ కాన్పయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమన్నారు, చేయించాం. కుక్కపిల్లల కోసం వచ్చినవాళ్లకి అత్తగారే అడ్డం నిలబడ్డారు.

"పాలు మానేదాకా ఇవ్వను. దీనికీ ఆపరేషన్ సేయిత్తానంటేనే తీసుకెళ్లు!"

అత్తింట్లో నేను గెలిచిన మొదటి తగువు అదే. నన్ను గెలిపించింది మాత్రం రాణి వాంతి!