పేరు తీసేసిన ఇంటర్వ్యూ

ఆ రోజు హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీవాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. సామాజిక శాస్త్రాల్లో పరిశోధన చేయాలనుకునే పిల్లలకు ఇంటర్నెట్‌లో కొత్తగా ఏమేం దొరుకుతున్నాయో చెప్పాలి. నాకు అంతకంటే ఇష్టమైన పని లేదు. మా రోజుల్లో పాత జనాభా లెక్కల పుస్తకం చూడాలంటే, బీరువా తాళం ఉన్న మనిషి టీ తాగి వచ్చేదాకా లైబ్రరీలో పడిగాపులు పడేవాళ్ళం. ఇప్పుడు ఊరి పేరు కొడితే చాలు, సర్వేలు, మ్యాపులు, పాత పత్రికలు అన్నీ ముందుకొస్తాయి. ఇవన్నీ చూపించి పిల్లలు నోరెళ్ళబెట్టేలా చేయాలని పోయాను. చివరికి నోరెళ్ళబెట్టింది నేను.

అన్నిటికంటే గొప్పదని ఆఖరుకు దాచుకున్నది ఒక కొత్త వెబ్‌సైటు. పరిశోధకులు తాము చేసిన ఇంటర్వ్యూలను అందులో పెడితే ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మనుషుల పేర్లను, ఊళ్ళ పేర్లను అదే వెతికి చెరిపేస్తుంది. కాజీపేట రైల్వే కుటుంబాల ఆడవాళ్ళతో నేను చేసిన ఇంటర్వ్యూలు కూడా అందులో పెట్టాను. నాకు బాగా ఇష్టమైన ఒకదాన్ని పెద్ద తెరమీద తెరిచాను. పేరున్న ప్రతిచోటా నల్లటి గీత. "చూశారా, ఎంత జాగ్రత్తో!" అని గర్వంగా చెప్పి, ఒక పేరా పైకి చదివాను.

అందులో మాట్లాడేది ఇంట్లో బట్టలు కుట్టే ఒక రైల్వే ఉద్యోగి భార్య. "క్వార్టర్లల్ల అందరు నన్ను మిషినత్త అంటరు. మా అన్న తన కొడుక్కు నా బిడ్డనడిగిండు. ఇయ్యనంటే అన్న మల్ల నా మొఖం జూడడు. పిల్లకేమో నర్సింగ్ చదవాల్నని ఉండె. ఏం జెయ్యాలె? దాని గుండెకు రంధ్రమున్నది, పెండ్లి జేస్తె బతకదని డాక్టర్ చెప్పిండని అబద్ధమాడిన. దేవుడే నన్ను క్షమించాలె."

మూడో వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఏదో ప్రశ్న అడుగుతుందనుకున్నాను.

"మేడమ్, ఈమె మా మేనత్త."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి తెర వంకే చూస్తోంది. "అడిగింది మా అన్నకే. మా నాయిన ప్రతి ఆదివారం చర్చిల లేచి ఆ అక్క గుండె కోసం ప్రార్థన చేయిస్తడు. ఏడుస్తడు గూడ."

నాకు తెర ఆపేయాలన్న తెలివి కూడా లేదు. ఇంకెవరో వచ్చి ఆపారు. తర్వాత వరండాలో ఆ అమ్మాయి చేయి పట్టుకుని, ఇంట్లో చెప్పొద్దని బతిమాలాను.

"చెప్పకుంటే నేను గూడ అబద్ధమాడినట్టే గదా మేడమ్," అని నెమ్మదిగా చేయి విడిపించుకుని, ఫోను తీస్తూ వర్ధన్నపేట బస్సుకు వెళ్ళిపోయింది. ఆ క్షణాన ఆ పిల్లమీద నాకు పట్టరాని కోపం వచ్చింది. తప్పు నాది, కోపం ఆమె మీద. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఇంటర్వ్యూ తీసేయమని వెబ్‌సైటువాళ్ళకు రాశాను. పది పనిదినాల్లో పరిశీలిస్తామని జవాబు వెంటనే వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాజీపేటకు ఆటో ఎక్కి, దారంతా ఫోన్లో దాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను. ఆమె పేరు, కూతురి పేరు, అన్న పేరు, ఊరి పేరు, ఒక్కటీ మిగల్లేదు. మిషినత్త అన్న మాట మాత్రం మూడుచోట్ల చెక్కుచెదరకుండా ఉంది. అది కూడా పేరేనని ఆ యంత్రానికి తెలియదు సరే. ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని, నాకేమైంది?

నేను వెళ్ళేసరికి ఆమె మిషను ముందే కూర్చుని ఉంది, కుట్టడం లేదు. ఒళ్ళో ఫోను. నేను నోరు తెరిచేలోపే అంది, "అన్న ఫోన్ జేసిండు."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఒక్కటే అడిగిండు. పిల్ల గుండె మంచిగనే ఉన్నదా అని. మంచిగనే ఉన్నదన్నా అని చెప్పిన. దేవునికి స్తోత్రం అని పెట్టేసిండు. అప్పటిసంది చేస్తనే ఉన్న, ఎత్తుత లేడు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చదువుకున్న మూర్ఖురాలిలా అన్నాను, "అత్తా, నీ పేరు ఎక్కడా లేదు. ఒట్టు."

ఆమె ఫోను తీసి మిషను మీద పెట్టింది. "పేరే రాయకపోయినవా బిడ్డా! అది రాసి, ఈ మిషినత్త తీసేస్తే అయిపోతుండె. నా పేరు ఎవలకెరుక? మా ఆయన ఏమే అంటడు, మా అన్న చెల్లే అంటడు."

క్షమించమని అడుగుదామనుకున్నాను, పేరు పెట్టి పిలిచి. ఇంటికి వచ్చి, ఆమెతో సంతకం పెట్టించుకున్న కాగితం తీసి చూసేదాకా ఆ పేరు నాకూ గుర్తురాలేదు.