అన్ననే పట్టు

మా క్రొమటోగ్రఫీ సంఘం ఏటా వేసే సంచికకి, మొన్న మా ల్యాబ్‌లో రిటైరైన జంపయ్య గురించి ఒక పేజీ రాసివ్వమన్నారు. ఖమ్మం శాఖ కార్యదర్శిని కాబట్టి తప్పలేదు. పదకొండేళ్లుగా ఈ పని ఎవరికి అప్పగిద్దామన్నా వాళ్లకి అప్పుడే కడుపునొప్పి వస్తుంది. హాలు మాట్లాడేదీ నేనే, సమోసాలు చెప్పేదీ నేనే, నలుగురే వస్తే మిగిలినవి ఇంటికి మోసుకెళ్లేదీ నేనే. సొసైటీ మీటింగ్ అన్నానంటే చాలు, "యూరియా వచ్చిందా మేడం?" అంటాడు మా వాచ్‌మన్ సమ్మయ్య. ఈ జిల్లాలో సొసైటీ అంటే ఎరువుల సొసైటీయే, ఇంకోటి ఉందంటే ఎవరూ నమ్మరు.

"క్రమశిక్షణకు మారుపేరు, ముప్పయిరెండేళ్ల సేవ" అని రెండు ముక్కలు రాసి వదిలించుకుందామనుకున్నాను. చేతకాలేదు. పని చేసి అలిసిపోయాను, నిజం దాచి దాచి ఇంకా ఎక్కువ అలిసిపోయాను.

జంపయ్యది దుమ్ముగూడెం అవతల అడవి పల్లె. ఇంట్లో కోయ మాట్లాడుకుంటారు. భద్రాచలంలో బీఎస్సీ చదివి, పాల్వంచ పక్కన మా మందుల కంపెనీలో టెక్నీషియన్‌గా చేరాడు. నేను ఎమ్మెస్సీ పట్టా పట్టుకొచ్చేసరికే అతను పద్నాలుగేళ్లుగా ఆ మిషన్ల ముందు నిలబడి ఉన్నాడు. నాకు పని నేర్పింది అతనే. అయినా నేను "నువ్వు" అనేదాన్ని, అతను "మీరు" అనేవాడు. పరీక్ష చేసేది అతను, సంతకం నాది. ఎమ్మెస్సీ లేనివాడి సంతకం మా కంపెనీలో చెల్లదు మరి.

కొన్ని మందుల అణువులు చెప్పుల జతలా ఉంటాయి. తోలు ఒకటే, బరువు ఒకటే, కుట్టు ఒకటే, కానీ ఎడమది కుడికాలికి ఎక్కదు. మేం చేసే మందులో ఒకటి రోగం తగ్గిస్తుంది, రెండోది ఒళ్లు పాడుచేస్తుంది. తయారీలో రెండూ కలిసే పుడతాయి. ఆ కలగలుపు ద్రవాన్ని కాలమ్ అనే ఉక్కు గొట్టంలోంచి పంపితే, లోపల నింపిన సన్నటి గింజల మీది పూత ఒకదాన్ని కాస్త ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. అలా ఒకటి ముందు, ఒకటి వెనక బయటికొస్తాయి. ఇలా విడదీయడమే క్రొమటోగ్రఫీ. ముందొచ్చేది మాకు కావలసింది, వెనకొచ్చేది వ్యర్థాల డ్రమ్ములోకి. వాటి అసలు పేర్లు బారెడు, ఎవరికి నోరు తిరుగుతుంది? జంపయ్యే పేర్లు పెట్టాడు. ముందొచ్చేవాడు అన్న, వెనకొచ్చేవాడు తమ్ముడు. "తమ్మునితోని పైలం మేడం, ముందొచ్చిన చెవుల కన్న వెనకొచ్చిన కొమ్ములు వాడి" అని నవ్వేవాడు. ల్యాబ్ అంతా అదే మాట అయిపోయింది. అసలు పేర్లు కాగితాల్లోనే మిగిలాయి.

కిందటేడు మా సంఘం ఒక్క మంచి పని చేసింది. అనుభవమున్న టెక్నీషియన్లకి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చింది. జంపయ్యకి మొదటి స్థానం వచ్చింది. కంపెనీ ఒప్పుకుని అతనికి సంతకం పెట్టే అధికారం ఇచ్చింది. లాగ్‌బుక్‌లో "చేసినవారు" అన్న గడిలో మొదటిసారి తన పేరు రాసి, పుస్తకం మూయకుండా చాలాసేపు చూశాడు. "మా ఆదెమ్మకు చూపియ్యాలె మేడం, ఫోటో తీస్తరా?" అన్నాడు. ఆదెమ్మ అతని భార్య. రిటైరవడానికి అప్పటికి ఎనిమిది నెలలే ఉన్నాయి.

ఆ నెలలోనే నేను కొత్తరకం కాలమ్ తెప్పించాను. పాతదాంట్లో పూత పైపైన ఉండేది, ద్రావకం మారిస్తే కొట్టుకుపోయేది. కొత్తదాంట్లో పూతని లోపలి గింజలకి గట్టిగా అతికించేశారు. ఏ ద్రావకాన్నయినా తట్టుకుంటుంది, పని సగం టైములో అవుతుంది. ఒకటే తిరకాసు, దాంట్లో వరస తిరగబడుతుంది. మాకు కావలసింది వెనకొస్తుంది. ఆ సంగతి రాసిపెట్టడం నా పని. రాయకుండానే హైదరాబాదులో సంఘం సభకి వెళ్లిపోయాను, ఈ కాలమ్ గొప్పలు చెప్పడానికే.

సభలో ఉండగా జంపయ్య ఫోను చేశాడు. "మేడం, కొత్త కాలమ్ ఎక్కించిన. ఎవర్ని పట్టాలె?"

చుట్టూ చప్పట్లు. వేదిక మీదికి నా పేరు పిలుస్తున్నారు. "అన్ననే పట్టు జంపయ్యా, ఎప్పటిలాగే" అనేసి పెట్టేశాను.

నా బుర్రలో అన్న అంటే మాకు కావలసిన మందు, ముందొచ్చినా వెనకొచ్చినా. అతనికీ, ల్యాబ్ మొత్తానికీ అన్న అంటే ముందొచ్చినవాడు. ముందొచ్చినవాడు తమ్ముడెలా అవుతాడండీ, ఏ ఇంట్లోనైనా? మూడు రోజులు అతను ముందొచ్చినదాన్ని జాగ్రత్తగా పట్టి, వెనకొచ్చిన అసలు మందుని డ్రమ్ముల్లో పోశాడు. ఏది ఎడమో ఏది కుడో తేల్చే మీటరు ఆ వారం రిపేరుకి పోయింది. అది తిరిగొచ్చేసరికి డ్రమ్ములు వెళ్లిపోయాయి, వాటిని కాల్చేశారు కూడా.

విచారణకి మేనేజరు అనిల్‌కుమార్ కూర్చున్నాడు. "ముందుది పట్టుమని ఎవరు చెప్పిండ్రు నీకు?" అని జంపయ్యని అడిగాడు. జంపయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. నేను బల్లమీద కాగితాలు సర్దుకున్నాను. అప్పుడే ఆ సభలో శాలువా కప్పించుకుని వచ్చినదాన్ని మరి. ఛీ, అదీ ఒక బతుకేనా!

"ఆ పేర్లు పెట్టింది నేనే సార్, ముందొచ్చినోడు అన్న అని" అన్నాడు జంపయ్య.

"సంతకం నీదేనా?"

"అవ్ సార్, నాదే."

"అందుకే చెప్పిన, ఎమ్మెస్సీ లేనోళ్లకు పవర్ ఇయ్యొద్దని" అని అనిల్‌కుమార్ ఫైలు మూశాడు. అధికారం తీసేశారు. మళ్లీ అతను పరీక్షలు చేశాడు, నేను సంతకాలు పెట్టాను. ఏడు నెలల్లో ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది! పొద్దున్నే "చాయ్ తాగిన్రా మేడం" అని అడుగుతుంటే సిగ్గుతో చచ్చేదాన్ని.

మొన్న ముప్పయ్యో తేదీ అతని ఆఖరి రోజు. శాలువా, పళ్లబుట్ట, ఫోటో అన్నీ అయ్యాయి. అందరూ కిందికి వెళ్లాక ఆ లాగ్‌బుక్ తీశాను. ఆ మూడు రోజుల పేజీ తెరిచి, అతని సంతకం పక్కన, "వరస మారుతుందని రాసిపెట్టనిది నేను. అన్నని పట్టమని ఫోన్‌లో చెప్పింది నేను" అని రాసి, సంతకం చేసి అతని ముందు పెట్టాను.

కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. "డేట్ ఏయలే మేడం" అన్నాడు.

ఆనాటి తేదీ వేశాను. పక్కనే అతని సంతకం కింద ఏడు నెలల కిందటి తేదీ ఉంది.

నేను రాసినదాని ఎదురుగా "సరిచూసినవారు" అన్న గడి ఖాళీగా ఉంది. పెన్ను అతని చేతికిచ్చాను. "మీరు పెట్టండి జంపయ్య గారూ" అన్నాను.

"నాకు పవర్ లేదు గద మేడం" అన్నాడు. పెన్ను క్యాప్ పెట్టి నాకు తిరిగిచ్చి, పళ్లబుట్ట తీసుకుని భద్రాచలం బస్సుకి వెళ్లిపోయాడు.