నీలం సుద్ద మరకలు

నా చిన్నప్పుడు కళ్యాణదుర్గంలో మాకు బాక్సింగ్ నేర్పింది ఒక దర్జీ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మేం దర్జీ మామ అని పిలిచే ఆయన వయసులో ఉన్నప్పుడు మిలిటరీలో ఆ ఆట నేర్చుకుని వచ్చాడు. అంగడి వెనక శెనక్కాయ పొట్టు నింపిన గోనెసంచి వేలాడదీసి, సాయంత్రాలు మా చేత గుద్దించేవాడు.

ఇద్దరిని ఆడించే ముందు, గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్దను పొడి చేసి మా గ్లవ్స్‌కు పూసేవాడు. దెబ్బ ఎక్కడ పడితే అక్కడ బనీను మీద మరక. ఆట అయ్యాక "ముందు నీ బనీను సూసుకో, తర్వాత వానిది సూడు" అనేవాడు. నేనేమో ఎప్పుడూ ఎదుటివాడి మరకలే లెక్కపెట్టి ఎగిరేవాణ్ణి.

ఎనిమిదో తరగతిలో ఉండగా అనంతపురంలో సీమ జిల్లాల బడిపిల్లల ఆటల పోటీలు జరిగాయి. ఒకపక్క కబడ్డీ, ఒకపక్క పరుగు పందేలు, మధ్యలో తాళ్లు కట్టిన మా బరి. ఫైనల్లో నాకు ఎదురైనవాడు పక్క జిల్లావాడు. గెలిచినవాడికి పతకం, ఆపైన రాష్ట్ర పోటీలు. మా జనం గొంతు చించుకుని అరుస్తుంటే నా ప్రతి గుద్దూ తగిలినట్టే అనిపించింది. మూడు రౌండ్లయ్యాక రెఫరీ నా చేయి పైకెత్తాడు. చేను పని వదిలి వచ్చిన మా నాయన నన్ను భుజాలకెత్తుకున్నాడు.

ఆ ఎత్తు నుంచే చూశాను. దర్జీ మామ నా దగ్గరికి రాలేదు. మూల కూర్చుని ఏడుస్తున్న ఆ పిల్లవాడి దగ్గరికి పోయి, నాకు వినబడేటట్టే అన్నాడు: "ఏడవద్దప్పా. గెలిసినోడివి నువ్వే. నేను సూసినా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన శిష్యుల్లో మొదటి పతకం నాది. దాని కోసం ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో ఊరందరికీ తెలుసు. అలాంటి మనిషే నా సంతోషం మీద నీళ్లు చల్లాడని ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

మరునాడు పొద్దున, జట్లు బస్సెక్కే ముందు, మామ ఆ పిల్లవాడిని బతిమాలి మేం బస చేసిన బడి ఆవరణలోకి తీసుకొచ్చాడు. జేబులోంచి నీలం సుద్ద తీసి ఇద్దరి గ్లవ్స్‌కూ పూశాడు. "ఒక్క రౌండు, మెల్లగా ఆడండి" అన్నాడు. మెల్లగా ఎక్కడ! నేను కసితీరా గుద్దులు విసిరాను.

అయిపోయాక అలవాటుగా వాడి బనీను చూశాను. మూడు మరకలు. ఎవరూ చెప్పకుండానే తల దించి నాది చూసుకున్నాను. పొట్ట నుంచి మెడ దాకా నీలమే.

"జనాలు నీ కోసరం అరిసినారు. ఈ సుద్దకు మనోడు, పరాయోడు ల్యాదు నాయనా. పతకం ఇచ్చినారు, పెట్టుకో. ఈ బనీనూ పెట్టుకో" అన్నాడు మామ. ఆ గొంతులో కోపం లేదు.

ఉండబట్టలేక బస్సు దాకా పరిగెత్తి, కిటికీలోంచి ఆ పిల్లవాడి చేతిలో పతకం పెట్టబోయాను. తోసేశాడు. "వద్దులేప్పా. మీ మామ నిన్ననే చెప్పినాడు గదా, నాకదే సాలు" అని నవ్వాడు. ఓడిన పరాయి పిల్లవాడికి ఆ ఒక్క మాట చెప్పడానికి, మామ ఎంత మురిపెం దిగమింగుకున్నాడో నాకప్పుడు తెలిసింది.

రాష్ట్ర పోటీల్లో మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చాను. "ఎన్ని పడినాయిరా?" అన్నాడు మామ. నేను తిన్నవాటి లెక్కే చెప్పాను. ఆ పూట ఆయన మా జట్టంతటికీ పలావు వండించాడు.

మామ పోయి చాలాకాలమైంది. ఆ బనీను మా ట్రంకుపెట్టెలో పతకం కింద ఉంది. మరకలు ఎప్పుడో వెలిసిపోయాయి. కానీ నలుగురిలో ఎవరైనా నన్ను మెచ్చుకుంటే, ఈ వయసులో కూడా, నా చూపు ముందు నా రొమ్ము మీదికే దిగుతుంది.