హాట్ ప్రెస్‌లో గోంగూర

టీ చల్లారేలోపు చెప్పేస్తాను, చిన్న సంగతే. అన్నట్టు, ఐర్లండ్‌లో అల్మరాని ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా హాట్ ప్రెస్. వచ్చిన కొత్తలో ఇంటి ఓనర్ "హాట్ ప్రెస్ మేడ మీద ఉంది" అనగానే మా ఆయన నలిగిన చొక్కాలన్నీ మోసుకుని పైకెళ్లారు, ఇస్త్రీకి! సరే, ఈ కథ ఆయనది కాదు, శిరీషది.

శిరీష ఇక్కడ కార్క్ ఊళ్లో మా ఇంట్లో ఉండే పీహెచ్‌డీ పిల్ల. గోంగూర ఆకుకి పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్ట్‌లో ఏ జీన్ ఎక్కడుందో మ్యాప్ గీస్తోంది. ఆ జీన్స్ తల్లి మొక్క నుంచే వస్తాయట, తండ్రికి వాటా లేదట. "మన పిల్లల తెలివిలాగే" అన్నాను. మా ఆయన వినపడనట్టు ఫోన్ చూసుకున్నారు.

మొన్న శనివారం తువ్వాలు కోసం హాట్ ప్రెస్ తెరిస్తే లోపల గోంగూర కుండీలు! చీకట్లో బిక్కుబిక్కుమంటున్నాయి. బయటేమో ఎండ. కార్క్‌లో ఎండొస్తే దండం పెట్టుకోవాలి. పాపం కదా అని కుండీలన్నీ వీధి కిటికీలో పెట్టి నీళ్లు పోశాను.

సాయంత్రం శిరీష వచ్చి కెవ్వుమంది.

"అక్కా! సోమవారం దాకా చీకట్లో ఉండాలి! లేకపోతే ఆకులో పిండిపదార్థం చేరి డీఎన్‌ఏ శుభ్రంగా రాదు. సోమవారం తప్పితే ల్యాబ్‌లో డీఎన్‌ఏ చదివే సీక్వెన్సింగ్ మెషీన్ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో! బావగారికి చెప్పానుగా!"

ఆయన చెప్పడం మర్చిపోయారు. మర్చిపోయినట్టు కూడా గుర్తులేదు.

అంతలో కాలింగ్ బెల్. గుమ్మంలో కుర్ర గార్డ్, అంటే ఇక్కడి పోలీసు. కిటికీలో మొక్కలు చూసి ఎవరో ఫోన్ చేశారట. గోంగూర ఆకు వేళ్లు చాపినట్టుంటుందిగా!

"ఏం మొక్క?"

"గోంగూర."

"గాంజా?"

"గోంగూర బాబూ! తింటాం."

"తింటే ఏమవుతుంది?"

"కమ్మగా నిద్రొస్తుంది" అన్నారు మా ఆయన, సాయం చేద్దామని.

శిరీష యూనివర్సిటీ కార్డు చూపించింది, క్లోరోప్లాస్ట్ గురించి క్లాసు చెప్పింది. కుర్రాడు మర్యాదగా విన్నాడు. "గ్రాండ్" అన్నాడు, ఇక్కడ దానర్థం 'సరే'. "సోమవారం మా సార్జెంట్ చూస్తారు" అని కుండీలన్నీ జీపెక్కించుకుని వెళ్లిపోయాడు.

"నా సీక్వెన్సింగ్ పోయింది అక్కా" అని శిరీష సోఫాలో కూలబడింది. ఆదివారమంతా అన్నం ముట్టలేదు. నేను పాలకూర పప్పు కూడా చెయ్యలేదు, ఆకుకూర పేరెత్తాలంటే భయమేసి.

సోమవారం పొద్దున్నే ఆ కుర్ర గార్డే కుండీలు తిరిగి తెచ్చాడు. సార్జెంట్ ఒక ఆకు నమిలి, పుల్లగా ఉందని కేసు కొట్టేశాడట.

శిరీష ఒకటే అడిగింది. "ఈ రెండ్రోజులూ ఎక్కడ పెట్టారు?"

"కిటికీలు లేని గదిలో. తాళం వేసి. ఎవరూ తెరవలేదు."

ఆ పిల్ల థాంక్స్ కూడా చెప్పకుండా టాక్సీలో ల్యాబ్‌కి పరిగెత్తింది. అంత శుభ్రమైన డీఎన్‌ఏ ఆ ల్యాబ్‌లో ఇంతవరకూ రాలేదట. స్టేషన్‌కి మైసూర్‌పాక్ పంపింది. నన్ను మాత్రం తువ్వాళ్లు వేరే చోట పెట్టుకోమంది.