తోడికోడలి చీర

కాన్పయ్యాక ఆ దర్జీ అమ్మాయికి మిషను మీద కాలాడడం లేదు. పాప తన ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తుంది, తోడికోడలి భుజమెక్కగానే ఊరుకుంటుంది. అది చూసినప్పుడల్లా ఆమె దారాన్ని పంటితో పుటుక్కున తెంపుతుంది. ఓ మధ్యాహ్నం తోడికోడలు విడిచిన చీర తను చుట్టుకుని పాపనెత్తుకుంది. పాప నిద్రపోయింది. ఆమె మాత్రం వెక్కుతూ తోడికోడలికి దొరికిపోయింది.

"నా మాసిన చీరేంటే నీ ఒంటిమీద?" అని నవ్వింది తోడికోడలు.

"నా వాసన దానికి పడదక్కా. నాకూ దాన్ని చూస్తే ఏమీ అనిపించదు. నువ్వే పెంచుకో. నేను లేకపోతే దానికేం లోటు?"

తోడికోడలి నవ్వు ఆగిపోయింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పెద్దాడు పుట్టినప్పుడు నాకూ ఇలాగే అయిందే. ఎవరికీ చెప్పుకోలేక చచ్చాను. మందు వాడితేనే తగ్గింది. పద, డాక్టరమ్మ దగ్గరికి," అంటూ పాపకోసం చేతులు చాచింది.

ఆమె చప్పున వెనక్కి జరిగింది. "నేనే ఎత్తుకొస్తా."